మేరీ టీల్బీ

1860వ సంవత్సరమునాటికి లండను నగరమున ఇరువదియైదు లక్షలకు మించిన జనులు నివసించుచుండిరి. ఆ మహానగర వీథులలో దిక్కులేని కుక్కలు లెక్కకు మిక్కిలిగా తిరుగుచుండెను. యజమానులు విడిచినవి కొన్ని, దారి తప్పినవి కొన్ని. పిచ్చికుక్క కాటునకు అప్పటికి మందు లేదు. పాశ్చర్ పండితుడు తన టీకాను మానవునకు తొలుత వేసినది 1885లో. కావున జనులు వీథికుక్కను చూచిన భయపడి తరుముచుండిరి. అట్టి కాలమున వానికొక యాశ్రయమును నెలకొల్పిన దయామయి మేరీ టీల్బీ.

ఆమె 1801లో ఇంగ్లండునందలి హంటింగ్డను పట్టణమున జన్మించెను. హల్ నగరమునకు చెందిన ఒక కలప వర్తకుని వివాహమాడెను. కాని ఆ కాపురము కలసిరాలేదు. భర్తను వీడి ఆమె లండను చేరెను. మతాచార్యుడైన ఎడ్వర్డ్ బేట్సు ఆమె సోదరుడు.

మేజరు అను స్త్రీ మేరీకి స్నేహితురాలు. కేనన్‌బరీ ప్రాంతమున ఆమె యిల్లు. ఆకలిచే చావనున్న కుక్క యొకటి వీథిలో ఆమె కంటబడగా, దానిని ఇంటికి తెచ్చెను. స్నేహితురాండ్రిరువురును దానికి ఉపచారము చేసిరి. అయినను అది బ్రదుకలేదు. మేరీ మిక్కిలి దుఃఖించెను. కాని దుఃఖించి యూరకుండలేదు. అట్టి కుక్కలను మఱికొన్నింటిని చేరదీసెను. స్నేహితురాలి వంటయింటి ప్రక్కగదియే వానికి తొలి నెలవు. ఆ తావు చాలకపోగా, 1860లో హాలొవే అను చోట గుఱ్ఱపుసాలలలో శరణాలయమును తెఱచెను. తప్పిపోయిన కుక్కను యజమానునకు చేర్చుట, యజమానుడు రానిచో మంచి యింటిని వెదకి యిచ్చుట ఆ శరణాలయపు పని.

మనుష్యులే అన్నము లేక అలమటించుచుండ కుక్కలకు సత్రమేల యని పలువురు ఆక్షేపించిరి. టైమ్స్ పత్రిక ఆ పనిని పరిహసించెను. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. నాటి లండనులో నిరుపేదలు అనేకులు. కాని దయ కుండలోని నీరు వంటిది కాదు. అది తోడినకొలది ఊరు చెలమ వంటిది. మేరీ వాదమునకు దిగక తన పని తాను చేయుచు వచ్చెను.

1862లో ప్రఖ్యాత నవలాకారుడు చార్లెస్ డికెన్సు ఆ శరణాలయమును గూర్చి తన పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఇస్లింగ్టనులో జరిగిన మేలుజాతి కుక్కల ప్రదర్శనమును, హాలొవేలోని దిక్కులేని కుక్కల నెలవును ఆ వ్యాసము ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. దానితో నవ్వినవారిలో కొందఱైనను ఆలోచింపసాగిరి. కాని మేరీ ఆరోగ్యము క్షీణించెను. 1865లో ఆమె పరమపదించెను. సంస్థ ప్రారంభమై అప్పటికి అయిదేండ్లే.

ఆమె నాటిన మొక్క వాడిపోలేదు. 1871లో శరణాలయము బాటర్సీకి మాఱెను. 1883 నుండి పిల్లులకును చోటు లభించెను. 1885లో విక్టోరియా రాణి దానికి పోషకురాలయ్యెను. నేటికిని ఆ సంస్థ పనిచేయుచున్నది.

ఒంటిగానున్న తమ కుక్కకు తోడు కావలెనని కోరి శరణాలయము నుండి మఱొక కుక్కను తెచ్చుకొనువారు నేడు కలరు. అట్టివారు రెండు కుక్కలను ముందుగా ఆరుబయట కలిపి, వాని పొత్తు కుదురునో లేదో పరీక్షించి, పిమ్మట ఇంటికి తోడ్కొనిపోవుట మంచిది. తొలిదినములలో తిండిగిన్నెలను వేఱువేఱుగా నుంచవలెను. ఓర్పు వహించినచో, వీథిలో దిక్కులేక తిరిగిన ప్రాణియే మఱొక ప్రాణికి దిక్కగును. నాడు ఒక కుక్క మరణమును చూచి మేరీ చేసిన పని నేటికిని ఇట్లు ఫలించుచున్నది.