చర్మానికి యల్లాప్రగడ పాఠం

మొటిమలు ముదిరితే డాక్టరు రాసే డాక్సీసైక్లిన్ క్యాప్సూల్. సోరియాసిస్‌కు వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర. బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి మింగించే డీఈసీ బిళ్ల. మూడూ మూడు వేర్వేరు జబ్బులకు. కానీ ఈ మందుల పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ వెళితే ఒకే తెలుగువాడి ప్రయోగశాలకు చేరతాం. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చర్మవ్యాధుల నిపుణుడు కాదు. అయినా చర్మానికి ఎప్పుడు మందు కావాలో, ఎప్పుడు సబ్బూ నీళ్లూ చాలో ఆయన జీవితం చదివితే తేటగా అర్థమవుతుంది.

మీరు చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ వంటి మెట్ట ప్రాంతంలో ఉంటే ఈ సంగతి మరీ అవసరం. నడినెత్తిన ఎండ, హైదరాబాద్-విజయవాడ రహదారి మీద లారీలు లేపే దుమ్ము, సిమెంటు పొడి, పత్తి చేలో పురుగుమందు, కల్లాల్లో మిరప ఘాటు... వీటన్నింటినీ ముందుగా కాచుకునేది చర్మమే. దానికేమైనా అయితే మాత్రం మనలో చాలామంది చేసే మొదటి పని మందుల షాపుకెళ్లి ఏదో ఒక ట్యూబు అడగటం!

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలున్న సంసారం, అంతంతమాత్రం రాబడి. కుర్రాడికి మొదట్లో చదువు మీద ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయల్దేరితే, దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో మొదలైన హైస్కూలు చదువు మద్రాసు హిందూ హైస్కూలులో ముగిసింది. మెట్రిక్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ఈలోగా తండ్రి పోయారు. కొడుకు చదవాల్సిందేనని పట్టుబట్టి నిలిచింది తల్లే.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఉండగా మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానంటే తల్లి ససేమిరా అన్నారు. వైద్యం చదివినా జనానికి సేవ చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకు స్నేహితులు, పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. 1919లో శేషగిరితో పెళ్లయింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలోకి వెళ్లడం తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపయింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా.

నోటిపూతతో మొదలయ్యే చావు

ఆ రోజుల్లో సంగ్రహణి వ్యాధి ఇళ్లను తుడిచిపెట్టేది. ఇంగ్లిష్ వైద్యంలో దాన్నే స్ప్రూ అంటారు. నాలుక ఎర్రగా పుండై, తిన్నది ఒంటబట్టక, నెత్తురు తగ్గి, చర్మం పాలిపోయి మనిషి శల్యమయ్యేవాడు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో ఈ జబ్బుకే బలయ్యారు. ఆయనకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ తర్వాత ఆయుర్వేద కాలేజీలోనే శరీర శాస్త్రం బోధించారు కూడా.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. నోరు, నాలుక, చర్మం పైపైన చూపించే గుర్తులకు కారణం చాలాసార్లు లోపల ఉంటుంది. పెదవుల మూలలు పగలడం, నాలుక మండటం, ముఖం పాలిపోవడం క్రీములతో పోయేవి కావు. సుబ్బారావు ఆ లోపలి కారణం కోసమే సముద్రాలు దాటారు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

1920ల తొలినాళ్లలో గర్భవతి అయిన భార్యను పుట్టింట్లో వదిలి బోస్టన్ చేరారు. మూడేళ్లలో తిరిగి రావాలనుకున్న మనిషి మళ్లీ రానేలేదు. పుట్టిన కొడుకు తండ్రిని చూడకుండానే పసితనంలో పోయాడు. అక్కడ ఎల్‌ఎంఎస్ పట్టాకు డాక్టరుగా ఉద్యోగం దొరకలేదు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధన మొదలుపెట్టి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో అచ్చయిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తరతరాల వైద్య విద్యార్థులకు పాఠమైంది. ఆ కొలతే ఆయన్ను కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి, ఆపైన ఏటీపీ దగ్గరికి తీసుకెళ్లింది. ఒంట్లో ప్రతి కణానికీ, చర్మ కణానికీ కూడా, పనిచేసే శక్తినిచ్చేది ఈ ఏటీపీయే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. రెండేళ్లలో అక్కడి పరిశోధనలన్నింటికీ డైరెక్టరయ్యారు.

అన్నదమ్ముల్ని బలిగొన్న జబ్బుకు మందు

లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సంగ్రహణి రోగుల నాలుక పుండ్లు మానాయి, నెత్తురు పట్టింది. తన ఇంట్లో ఇద్దరిని మింగిన జబ్బుకు ఇరవై అయిదేళ్ల తర్వాత దొరికిన జవాబది. గర్భిణులకు ఇవాళ రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇదే. ఆకుకూరలు, పప్పులు, వేరుసెనగల్లో ఈ విటమిన్ సహజంగా ఉంటుంది. గోంగూర పప్పు తినే ఇంటికి ఇది కొత్త సరుకేం కాదు.

పురుగుకు మందు, కాలికి సబ్బు

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. గోదావరి, కృష్ణా డెల్టా పల్లెల్లో పుట్టి పెరిగినవారికి బోదకాలు గురించి వేరే చెప్పక్కర్లేదు. సుబ్బారావు బృందం 1947లో వెలువరించిన హెట్రజాన్ నోటితో మింగే మందు. రక్తంలో తిరిగే ఫైలేరియా పిల్లపురుగుల్ని అది చంపుతుంది. డీఈసీ అంటే అదే. ఊళ్లో పంచినప్పుడు గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప అందరూ సిబ్బంది ముందే మింగాలి.

అయితే, అప్పటికే లావెక్కిన కాలును ఈ మందు సన్నం చేయదు. ఆ కాలుకు మాటిమాటికీ జ్వరం, గజ్జల్లో బిళ్లలు, ఎర్రటి వాపు వస్తాయి. కారణం వేళ్ల మధ్య ఒరుపుల్లోంచి, పగుళ్లలోంచి లోపలికి దూరే బ్యాక్టీరియా. అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావవుతుంది. దాన్ని ఆపే ఉపాయం ప్రయోగశాలలో లేదు, మీ నీళ్ల గదిలో ఉంది. రోజూ సబ్బుతో, మంచినీళ్లతో కాలంతా మృదువుగా కడగాలి. వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. ఒరుపులుంటే డాక్టరు చెప్పిన మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. చెప్పుల్లేకుండా నడవకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే.

సుబ్బారావు మందు పురుగును చంపితే, రోజూ చేసే ఈ చిన్న పని కాలును నిలబెడుతుంది. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికీ ఈ సూత్రమే.

క్యాన్సర్ మందు నుంచి సోరియాసిస్‌కు

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే పదార్థాల్నీ ఆయన బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధిని తగ్గించి చూపారు. 1951లో కీళ్లవాతం రోగులకు అదే మందు ఇస్తుంటే, వారిలో ఉన్న సోరియాసిస్ పొలుసులు రాలిపోవడం డాక్టర్లు గమనించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇది వేగంగా పెరిగే కణాలకు కళ్లెం వేస్తుంది కాబట్టి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గర్భిణులు వాడకూడదు. రక్తపరీక్షలు తప్పనిసరి. దుష్ప్రభావాలు తగ్గించడానికి తోడుగా రాసేది ఫోలిక్ యాసిడే!

1948లో ఆయన నేతృత్వంలోని లెడర్లీ నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన బంగారు రంగు యాంటీబయాటిక్ అది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. ఇది వేసుకునేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు పనికిరాదు. గ్లాసెడు నీళ్లతో మింగి, వెంటనే పడుకోకుండా ఉండాలి.

ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. బతికుండగా పెద్దగా పేరు రాలేదు, తీసుకోవాలనీ చూడలేదు. మన ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల విడుదల చేసింది.

మీ చర్మానికి రోజూ కావలసింది ఎంత?

సుబ్బారావు మందులన్నీ జబ్బుపడిన ఒంటికి, డాక్టరు చూపు ఉన్నచోట. జబ్బులేని చర్మానికి రోజూ కావలసినవి మూడే: శుభ్రత, తేమ, ఎండ నుంచి రక్షణ.

శుభ్రత: ముఖం రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. పదేపదే సబ్బు రాస్తే చర్మం మీది సహజ నూనె పోయి బిగుసుకుంటుంది. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, చర్మానిది కొద్దిపాటి ఆమ్లగుణం. పొడిచర్మం ఉన్నవారు గాఢత లేని క్లెన్సర్ ఎంచుకోవాలి. సున్నిపిండి వాడితే గరుకుగా రుద్దకండి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాకపోతే సబ్బు పెంచడం కాదు, మంచినీళ్లతో మరోసారి కడుక్కోవడం మేలు. మిరపకాయల మంటకు ముందు వంటనూనె రాసి తుడిచి, ఆపైన సబ్బుతో కడగాలి. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది కానీ నీళ్లలో కరగదు. తడి సిమెంటు అంటితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్లు పోసి కడగాలి. లేదంటే ఆ క్షారానికి చర్మం కాలుతుంది.

తేమ: స్నానం చేసి తుడుచుకున్న మూడు నాలుగు నిమిషాల్లో, ఒంట్లో చెమ్మ ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. పెట్రోలియం జెల్లీ, కొబ్బరినూనె ఒంటికీ, కాళ్లకూ బాగా పనిచేస్తాయి. మొటిమలున్న ముఖానికి మాత్రం నూనెలు వద్దు.

ఎండ రక్షణ: పొద్దున బయటికెళ్లేవారు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్‌ను చూపుడు, నడిమి వేళ్ల పొడవునా తీసుకుని ముఖానికీ మెడకూ రాయాలి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొలం పనికి వెళ్లేవారికి పొడుగు చేతుల నూలు చొక్కా, తలకు తువ్వాలు, గొడుగు అంతకంటే నమ్మకమైనవి. మంగు మచ్చలు ముదరకుండా ఉండాలన్నా ముందు కావలసింది ఎండ నుంచి రక్షణే.

ఆ ట్యూబు వద్దు

తామరకు, మచ్చలకు, తెల్లబడటానికి ఎవరో చెప్పిన ట్యూబులో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టిరాయిడ్ ఉండొచ్చు. రెండు రోజుల్లో దురద తగ్గి, ముఖం మెరిసి, అద్భుతం అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట. తామర అయితే లోలోపల పాకి ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ట్యూబు మీద ఈ పేర్లుంటే డాక్టరు చీటీ లేకుండా కొనకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

• ఎర్రటి వాపుతో పాటు జ్వరం వస్తే, అదే రోజు.
• స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే. కుష్ఠును తొలిదశలో పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది, మందులు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం.
• నాలుగు వారాలైనా మానని పుండు, రంగు లేదా పరిమాణం మారే పుట్టుమచ్చ ఉంటే.
• ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రాత్రిపూట దురద పెరిగితే. అది గజ్జి కావచ్చు, అందరికీ ఒకేసారి వైద్యం చేయించాలి.
• నోటిపూత, పెదవుల మూలల పగుళ్లు మళ్లీ మళ్లీ వస్తే. క్రీము కాదు, ముందు రక్తపరీక్ష.