తెల్లకణాలను పస్తుంచిన ఎల్లాప్రగడ

బ్యాక్‌లాగ్స్ ఉన్న ఫ్రెండ్స్‌కి ముందే చెప్పేస్తున్నా: ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం తెప్పించి, ఎంబీబీఎస్ దక్కక ఎల్ఎంఎస్‌తో బయటపడ్డారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు.

1922లో బోస్టన్ వెళ్ళారు. హార్వర్డ్‌లో కండరాల శక్తి గుట్టు విప్పినా పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అది స్ప్రూకి పనిచేసింది. అన్నదమ్ములకి మాత్రం అందలేదు.

అసలు కథ ఇక్కడుంది. లుకేమియాలో రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలే అదుపు తప్పి పెరుగుతాయి. పెరగడానికి వాటికి ఫోలిక్ యాసిడ్ కావాలి. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ జబ్బు పిల్లలకి ఆ జాతి మందులిస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. మరి, చూడ్డానికి ఆ విటమిన్‌లాగే ఉండి కణాన్ని పస్తుంచే పదార్థం ఇస్తే? సుబ్బారావు గారి టీమ్ అమినోప్టెరిన్ చేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్నాళ్ళే లెండి, కానీ అంతకుముందు ఆ కొన్నాళ్ళు కూడా లేవు.

ఆ పేపర్ 1948 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన గుండె ఆగింది. 53 ఏళ్ళు. ఇండియాకి మళ్ళీ రానేలేదు.

అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ లుకేమియాకి వాడుతున్నారు. రోగనిరోధక టి-కణాలే చర్మంలో క్యాన్సర్‌గా మారే మైకోసిస్ ఫంగాయిడిస్‌కీ ఇస్తారు. బంజారా హిల్స్ రోడ్ నంబర్ 10లో, బసవతారకం క్యాన్సర్ హాస్పిటల్ మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళం మనలో చాలామందిమే. ఆ మందు స్ట్రిప్ మీద భీమవరం కుర్రాడి పేరు ఉండదనుకోండి.