ప్రమథనాథ బోసు గారు – ఒక సర్వీసు కథ



మా మనుమడు మైనింగ్ ఇంజనీరింగు చదువుతానన్నాడు. జిన్నారం చుట్టూ బొల్లారం, గడ్డపోతారం ఫ్యాక్టరీలుండగా గనుల చదువెందుకని ఇంట్లో వాళ్ల అభ్యంతరం. నేను మాత్రం జీతమెంతని అడిగాను. ముప్పయ్యేళ్లకు పైగా జీతాల బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా! బొగ్గు కంపెనీల్లో కొత్త మైనింగ్ అధికారికిచ్చే ఈ-2 స్కేలు, 2017 సవరణ ప్రకారం, రూ. 50,000 – 1,60,000. స్కేలు బాగానే ఉంది. కాని ఆ నిచ్చెన మీద మనిషిని ఎంతవరకు ఎక్కనిస్తారనేది వేరే సంగతి. అది ఆలోచించినప్పుడల్లా నాకు ప్రమథనాథ బోసు గారు గుర్తొస్తారు.

బోసు గారు 1855లో బెంగాలులోని గైపూర్ గ్రామంలో జన్మించారు. 1874లో గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్పు మీద లండన్ వెళ్లి, రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివారు. 1880లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు. ఆ శాఖలో గ్రేడెడ్ పోస్టు పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మన ఇల్లెందు బొగ్గును కనిపెట్టిన విలియం కింగ్ దొర కూడా ఆ శాఖవారే. కింగ్ దొర 1887లో డైరెక్టరయ్యారు. బోసు గారు అడవులు, కొండలు తిరిగి దల్లీ-రాజ్‌హరా ఇనుప ఖనిజాన్ని నమోదు చేశారు. తర్వాతి కాలంలో భిలాయి ఉక్కు కర్మాగారానికి ఖనిజం వచ్చింది అక్కడినుంచే.

1903లో డైరెక్టరు పోస్టు ఖాళీ అయింది. అప్పటికి బోసు గారి సర్వీసు 23 ఏళ్లు. పోస్టు మాత్రం 1890లో చేరిన థామస్ హాలండ్ దొరకిచ్చారు. పదేళ్ల జూనియర్ కింద పనిచేయడం ఇష్టంలేక బోసు గారు 48వ ఏట ఉద్యోగం వదిలేశారు.

తర్వాత మయూర్‌భంజ్ సంస్థానంలో చేరి గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం కనిపెట్టారు. 1904 ఫిబ్రవరి 24న ఆ విషయం తెలుపుతూ జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశారు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో అక్కడ ఉక్కు తయారైంది. బోసు గారు 1934లో కాలం చేశారు.

నా సర్వీసులోనూ ఒక జూనియర్‌ను నాకు పైన వేశారు. ఆ ప్రమోషన్ ఆర్డరు టైపు చేసింది నేనే. అప్పీలు పెట్టలేదు, రాజీనామా అసలే లేదు. ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు ముందున్నాయి. ఆ తేడా నేటికీ ప్రతి నెలా పెన్షన్లో కనబడుతుంది. బోసు గారు శాఖ వదిలితే ఆయన విద్య వెంట వెళ్లింది. నేను వదిలితే నా విద్య ఆఫీసు బీరువాలోనే ఉండిపోయేది.

అందుకే మనుమణ్ణి కాదనలేదు. స్కేలుతోపాటు ప్రమోషన్ రూల్సు కూడా చదువుకోమన్నాను. మొదటి ఫీజు నా పెన్షన్లోంచే కడతానని మాటిచ్చాను.