క్నూట్ నెల్సన్

నార్వే దేశమున వోస్ ప్రాంతమందలి ఎవాంగర్ గ్రామము కొండల నడుమ నున్నది. అచ్చట సేద్యమునకు తగిన నేల బహుస్వల్పము. తండ్రి పేరు లేని బిడ్డకు ఆ నేలలో పాలెక్కడిది? 1849లో ఇంగెబ్యోర్ అను ఒంటరి స్త్రీ తన ఆఱేండ్ల కుమారునితో ఓడ నెక్కి అమెరికా చేరెను. ఆ బాలుడే క్నూట్ నెల్సన్.

చికాగో వీధులలో అతడు వార్తాపత్రికలు అమ్మెను. తల్లి విస్కాన్సిన్‌లో మరల వివాహమాడగా మారుతండ్రి ఇంటిపేరే అతనికి నిలిచెను. ఆల్బియన్ విద్యాలయమున చదువుచుండగా అంతర్యుద్ధము వచ్చెను. సైన్యమున చేరి, 1863లో పోర్ట్ హడ్సన్ ముట్టడియందు గాయపడి శత్రువులకు చిక్కెను. విడుదలైన పిమ్మట న్యాయవాదియై, విస్కాన్సిన్ శాసనసభలో సభ్యుడుగ నుండి, 1871లో మిన్నెసోటా రాష్ట్రమునందలి అలెగ్జాండ్రియాకు తరలెను.

ఆ సీమ అప్పుడప్పుడే నాగలి కెక్కుచుండెను. నార్వే, స్వీడన్ దేశముల రైతులు గుంపులుగా వచ్చుచుండిరి. వారి భూవివాదములే నెల్సన్ వకీలు వృత్తికి జీవము. 1882 కాంగ్రెసు ఎన్నికలో రిపబ్లికన్ పక్షము రెండుగా చీలి, ధనికుడగు చార్లెస్ కిండ్రెడ్ ఒకవైపు, నెల్సన్ మఱియొకవైపు నిలిచిరి. డబ్బు ధారాళముగా ప్రవహించినను వలస రైతుల ఓట్లు నెల్సన్‌నే గెలిపించెను.

1889లో ఆయన పేర వెలసిన శాసనమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. మిన్నెసోటా అడవులు, సరస్సుల నడుమ ఓజిబ్వే జాతివారు భూమిని ఉమ్మడిగా అనుభవించుచుండిరి. రెడ్ లేక్ వారిని మినహాయించి తక్కిన వారినెల్ల వైట్ ఎర్త్‌కు తరలించి, ఇంటింటికి కొంత నేల పంచి, మిగిలినది అమ్మవలెనని ఆ శాసనము. దేవదారు వనములు కలప వర్తకులకును, సాగునేల ఎకరము 1.25 డాలర్లకు రైతులకును పోయెను. తమ భూమిని ఉమ్మడిగానే నిలుపుకొన్న రెడ్ లేక్ వారు సైతము లక్షలాది ఎకరములు వదలుకొనవలసివచ్చెను. నేల లేక దేశము విడిచినవాని చేతి వ్రాత మఱియొక జాతిని నేలకు దూరము చేసెను. ఆయన క్రూరుడని చెప్పుటకు వీలులేదు; తన ఓటరు ఆకలి కనబడినంతగా ఓజిబ్వే వాని కడుపు ఆయనకు కనబడలేదు.

1893లో గవర్నరు, 1895లో సెనేటరు. స్కాండినేవియాలో పుట్టి మిన్నెసోటాకు గవర్నరైన వారిలో ఆయనయే ప్రథముడు. సెనేటులో ఇరువదియెనిమిదేండ్లు గడపెను. 1898 నాటి దివాలా శాసనమున ఆయన కృషి కలదు.

ఎంత పదవి వచ్చినను అలెగ్జాండ్రియా పొలమును విడువలేదు. 1923 ఏప్రిల్ 28న, ఎనుబదియవ యేట, వాషింగ్టన్ నుండి ఆ పొలమునకే పోవుచు, మేరీలాండ్‌లోని టిమోనియమ్ చెంత రైలులో కన్నుమూసెను.