రహీమ్ సాబ్: సైకిల్ అద్దె ఇచ్చి మరీ ఒలింపియన్‌ని తయారుచేసిన హైదరాబాద్ బడిపంతులు

ఫుట్‌బాల్ అనగానే మనకు మెస్సీ, రొనాల్డో గుర్తొస్తారు. లేదంటే కోల్‌కతా క్లబ్బులు. కానీ ఒకప్పుడు ఆ కోల్‌కతా క్లబ్బులకే చెమటలు పట్టించిన టీమ్ మన దగ్గర ఉండేది. అదే హైదరాబాద్ సిటీ పోలీస్. 1950ల మొదట్లో నిజామాబాద్, బోధన్ అన్నీ హైదరాబాద్ స్టేట్‌లోనే ఉండేవి. అంటే ఇందూరు వాళ్లకైనా, శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే కార్మికులకైనా ‘మా టీమ్’ అని చెప్పుకోవడానికి ఇంతకంటే పెద్ద పేరు లేదు. టీవీ లేదు, ఫోన్ లేదు. బొంబాయిలో మ్యాచ్ గెలిచిన సంగతి పేపర్లో చూసుకోవాల్సిందే.

ఆ టీమ్ వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరికీ రహీమ్ సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. చదువుకునే రోజుల్లోనే బాగా ఆడేవారు. తర్వాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత తీసుకున్నారు. 1950లో సిటీ పోలీస్ కోచ్ అయ్యారు.

ఇక అక్కడి నుంచి దూకుడే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఐదుసార్లు! 1950లోనే మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ కూడా ఎత్తుకొచ్చారు. ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగాలు ఉండటంతో ఇల్లు గడిచేది, ఆట ఆగేది కాదు.

రహీమ్ సాబ్ పద్ధతి చూస్తే అసలైన టీచర్ కనిపిస్తారు. పిల్లలకు డ్రిబ్లింగ్ చేయకూడదనే రూలుతో టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే పాస్ ఇవ్వాలి. ఇంకో పోటీలో కేవలం బలహీనమైన కాలితోనే ఆడాలి. ఎత్తుకు పరిమితి పెట్టి చిన్న పిల్లలకు వేరే పోటీలు. వీటికి పెద్ద ఖర్చేం లేదు. ఒక గ్రౌండ్, ఒక బంతి, ఓపిక ఉంటే చాలు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కథ అందరికీ తెలియాలి. కుర్రాడి ఆట రహీమ్ సాబ్ కంట్లో పడింది. ట్రైనింగ్‌కి రమ్మంటే, అంత దూరం రావడానికి సైకిల్ లేదు, బస్సుకి డబ్బుల్లేవు. దాంతో సైకిల్ అద్దెకు రోజుకో రూపాయి రహీమ్ సాబే ఏర్పాటు చేశారు. ఆ కుర్రాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు.

దేశానికి కోచ్‌గా రహీమ్ సాబ్ మొదటి పెద్ద విజయం 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్‌పై 1-0 గెలిచి గోల్డ్. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం ఘోరం జరిగింది. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా చలిలో ఆడారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లకే సీన్ రివర్స్. 1956 మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టి సెమీస్ చేరారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం. బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్... ఆ టీమ్‌లో హైదరాబాద్ పేర్లు ఎన్నో. ఆ రోజుల్లోనే సంతోష్ ట్రోఫీ కూడా వరసగా రెండేళ్లు హైదరాబాద్‌దే.

అసలు కథ 1962 జకార్తాలో. అప్పటికే రహీమ్ సాబ్‌ని క్యాన్సర్ లోపల తినేస్తోంది. మొదటి మ్యాచ్ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను ఈ క్రీడలకు రానివ్వలేదని మన అధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా జనం ఇండియా మీద కోపంగా ఉన్నారు. స్టేడియం నిండా గోలే గోల.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. రహీమ్ సాబ్ చేసిన పని చూడండి. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ని ఫార్వర్డ్‌గా పంపారు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. ఆఖర్లో కొరియా ఒకటి కొట్టినా 2-1తో గోల్డ్ మనదే. ఆ ఫైనల్ ఆడిన పదకొండు మందిలో తంగరాజ్, బలరామ్, యూసుఫ్ ఖాన్ మన జంటనగరాల మైదానాల్లో తయారైన వాళ్లే.

తొమ్మిది నెలలు దాటీదాటగానే, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. వయసు 53. కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2021లో చనిపోయారు. బలరామ్ 2023లో వెళ్లిపోయారు. రహీమ్ సాబ్ జీవితం మీద అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చాకే ఈ జనరేషన్‌లో చాలామందికి ఆ పేరు తెలిసింది. మన ఊరి మనిషి గురించి హిందీ సినిమా చెప్తే గానీ తెలియకపోవడం కొంచెం బాధే.

రహీమ్ సాబ్ తర్వాత 1965లో ఆంధ్రప్రదేశ్ మరోసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మెల్లమెల్లగా అంతా చల్లబడింది. ఉన్నది పోవడం అంటే ఏంటో బోధన్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆసియాలోనే పెద్దదిగా పేరున్న నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది.

అయితే బంతి మాత్రం పూర్తిగా ఆగలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా మహిళల జట్టుకు ఆడింది. ఇక మగవాళ్ల జట్టు సంగతంటారా? 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు ఇంతవరకు మరో గోల్డ్ రాలేదు.