గుడిగోడలు చదివిన గురువు

గిడుగు రామమూర్తిపంతులుగారనగానే వ్యావహారికభాషోద్యమము మనకు జ్ఞప్తికి వచ్చును. అంతకు పూర్వమే ఆయన చేసిన గొప్పపని యొకటి కలదు. దాని నెరిగినవారు తక్కువ.

ఆయన 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి వీర్రాజుగారు మరణించిరి. కష్టముల కోర్చి విజయనగరమున చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి.

చరిత్రపాఠములు చెప్పు ఆ రోజులలో ఆయన దృష్టి శ్రీముఖలింగముపై నిలిచెను. వంశధారయొడ్డున నున్న ఆ గ్రామమున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు కలవు. వీనిలో పెద్దది మధుకేశ్వరాలయము. దక్షిణదేశపు విమానములవలె దాని శిఖరము అంతస్తులుగా పేర్చినది కాదు. నిలువుగా లేచి, పైకి పోనుపోను లోపలికి వంగును. ఇది కళింగశిల్పుల పద్ధతి. ప్రధానాలయమునకు నాలుగుమూలల చిన్నగుడులున్నవి. ద్వారబంధములపై లతలను, ప్రతిమలను సన్నని పనితనముతో చెక్కిరి. సోమేశ్వరాలయమునకు ముందు మండపమే లేదు; గర్భగృహము, శిఖరము మాత్రమే యుండును. పెద్దగుడికంటె ఈ ఒంటరిగుడియే అందమైనదని నాకు తోచును.

మధుకేశ్వరాలయమున పెక్కు ప్రాచీనశాసనములు కలవు. ఆ లిపి నేర్పువారు లేకపోగా, రామమూర్తిగారు గ్రంథములు సంపాదించి తామే నేర్చుకొని, వానిని చదివిరి. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము సముద్రతీరమందలి కళింగపట్నమని అదివరకు కొందరు పండితులు తలచుచుండిరి. కాదు, ముఖలింగపరిసరమే ఆ నగరమని ఆయన శాసనాధారములతో వాదించిరి. తరువాతి చరిత్రకారులు పెక్కురు దాని నంగీకరించిరి. పూరీ జగన్నాథాలయమును కట్టింప నారంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో కళింగనగరముననే పట్టాభిషిక్తుడయ్యెను. కావున పూరీశిఖరమును చూచినవారికి ముఖలింగము స్ఫురించుటలో వింత లేదు.

శబరనాయకు డొకడు ఇప్పచెట్టును నరుకగా అందుండి శివుడు వెలసెనని ఆ ఆలయ స్థలపురాణము చెప్పును. మధుకమనగా ఇప్పయే. ఆ శబరులకే సవరలని వాడుకపేరు. పర్లాకిమిడి కొండలలోను, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ప్రాంతమునను వారు నివసించుచున్నారు. రాళ్లపై వ్రాతను చదివిన రామమూర్తిగారు, వ్రాతయే లేని సవరభాషనుకూడ నేర్చిరి. సొంతధనముతో సవరపిల్లలకు బడులు నడిపిరి. మన్యమున తిరుగుటవలన చలిజ్వరము పట్టుకొనెను. దానికై సేవించిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చెను. అయినను పని మానలేదు. ఆయన రచించిన సవరవ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ ఊరును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ముఖలింగము మాత్రము సరిహద్దున కీవలనే నిలిచెను. 1940 జనవరి 22వ తేదీన ఆయన చెన్నపట్టణమున కన్నుమూసిరి.