మన్రోలప్ప అను పేరు

ఒకనాడు తరగతిలో విద్యార్థులను తమతమ వంశపు పెద్దల పేర్లు చెప్పుడని కోరితిమి. అనంతపురము జిల్లానుండి బెంగుళూరికి వలసవచ్చిన కుటుంబమునకు చెందిన యొక బాలుడు తన ముత్తాతగారి పేరు మన్రోలప్ప అని చెప్పెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. బాలుడు తల వంచుకొని కూర్చుండెను. నవ్వినవారిని నిందింపజాలము. అనంతపురమున ఉపాధ్యాయశిక్షణము పొందిన దినములలో ఆ పేరు మొదట విన్నప్పుడు మేమును నవ్వినవారమే. కావున ఆ పేరు పుట్టిన విధమును ఇచ్చట వ్రాయుచున్నాము.

తెలుగువారిలో ఇంటిపేరు ముందును, పెట్టినపేరు తరువాతను ఉండును. ఇంటిపేరు వంశమంతటికి చెందినది. దానినే బిడ్డకు పేరుగా పెట్టుట మన ఆచారము కాదు. పాశ్చాత్యులలో ఇంటిపేరు చివర వచ్చును. సర్ థామస్ మన్రో అను పేరులో థామస్ పెట్టినపేరు, మన్రో ఇంటిపేరు. ఇది స్కాట్లండు ఉత్తరభాగమునకు చెందిన యొక వంశనామము. ఐర్లండులోని రో అను నదీప్రాంతమునుండి తమ పూర్వులు వచ్చిరనియు, అందుచేతనే ఈ పేరు కలిగెననియు ఆ వంశీయులు చెప్పుకొందురు. మనలోను ఊళ్ళపేర్లు ఇంటిపేర్లైనవి కదా! ఎచ్చటి రో నది, ఎచ్చటి పెన్నానది! అంతదూరపు ఇంటిపేరునకు మన రైతులు అప్ప అను గౌరవపదము చేర్చి, తమ కుమారులకు పేరుగా పెట్టుకొనిరి.

థామస్ మన్రో 1761 మే 27న గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమువలన ఆయన వ్యాపారము చెడిపోయెను. కుమారుడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి, 1780లో మద్రాసునకు వచ్చెను. మూడవ మైసూరు యుద్ధమున కారన్‌వాలిసు సేనలో పనిచేసెను. ఆ సేనయే 1791 మార్చి నెలలో మన బెంగుళూరు కోటను పట్టుకొనినది. మార్కెట్టు చెంత నిలిచియున్న కోటద్వారమును మీరందరు చూచియే యుందురు.

యుద్ధానంతరము కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమైన బారామహలులో 1792 నుండి 1799 వరకు ఆయన భూమిశిస్తు పని చేసెను. ఊరూర తిరిగి పొలములు కొలిపించి, రైతుల స్థితిగతులు తెలిసికొనెను. 1800లో నిజాము బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములను కంపెనీకి ఇచ్చివేయగా, ఆ దత్తమండలములకు మన్రో కలెక్టరుగా వచ్చెను. అచ్చట సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు ఉండిరి. ఆయన వారి బలమును అణచి, భూములు కొలిపించి, ప్రతిరైతుతోను ప్రభుత్వమే నేరుగా శిస్తు నిర్ణయించుకొను రైతువారీ పద్ధతిని నెలకొల్పెను.

ఆయన పరాయిపాలనకు సేవకుడన్న మాట మనము మరువరాదు. పాళెగాండ్ర వంశములకు ఆ పేరు చేదైనదే. తిరుగుబాటు చేసి 1847లో ఉరికంబ మెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఆ వంశములలో పుట్టినవాడే. మన్రో నిర్ణయించిన శిస్తును సైతము తేలిక అనజాలము. కాని తన శిస్తు అధికమని తానే గుర్తించి, నాలుగవవంతు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. వారు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరు కాగా, ఆ తగ్గింపు అమలులోనికి వచ్చెను. తన తప్పును పదుమూడేండ్లు జ్ఞాపకముంచుకొని దిద్దిన అధికారులు ఎందరుందురు?

విద్యార్థులు తెలిసికొనదగిన విషయము మరియొకటి గలదు. 1822లో ఆయన మద్రాసు రాజధానిలోని బడుల లెక్క తీయుడని ఆజ్ఞాపించెను. 1826లో తేలిన లెక్క ప్రకారము 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉండిరి. ఇది చాలదని తలచి, ప్రతి తాలూకాలో ఒక పాఠశాల నెలకొల్పవలెనని ప్రతిపాదించెను.

స్వదేశమునకు మరలిపోవుటకు ముందు, 1827లో, ఆయన తనకు ప్రియమైన దత్తమండలములను కడసారి చూడవలెనని బయలుదేరెను. దారిలో పరివారమునకు కలరా సోకెను. జులై 6న పత్తికొండలో ఆయనయు ఆ వ్యాధికే బలియయ్యెను. దేహమును గుత్తిలో పూడ్చిరి. అస్థికలను తరువాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చిరి. ఆయన కనులకు మాత్రమే మంత్రాలయమున రాఘవేంద్రస్వామి కనబడెననియు, కడపసీమలోని గండి యొద్ద బంగారు తోరణము కనబడెననియు జనులు కథలు చెప్పుకొనిరి. కథల నిజానిజములు ఎట్లున్నను, పరాయివానికి తమ దేవుళ్ళ దర్శనము కల్పించిన జనుల మనసు మనకు తెలియుచున్నది.

మరునాడు తరగతిలో ఈ వృత్తాంతమంతయు చెప్పితిమి. ముందుగా నవ్విన విద్యార్థియే లేచి, తన పేరునకు ముందున్న ఒంటి అక్షరమునకు అర్థమేమని మమ్ము అడిగెను. ఈ నగరపు హాజరుపట్టీలలో మన ఇంటిపేళ్ళు ఒక్క అక్షరముగా కుదించుకొనిపోయినవి. ఆ అక్షరము వెనుక ఏ ఊరున్నదో, ఏ వృత్తియున్నదో మేము చెప్పజాలము. మీ ఇంటి పెద్దలు చెప్పగలరు. వారు ఉండగనే అడిగి తెలిసికొనుడు. ఇతరుల పేరు విని నవ్వు వచ్చినప్పుడు, దాని కథ ఏమని ముందుగా అడుగుడు.